గుల్మార్గ్ బండెక్కే మనవాళ్ళకు చలి సంగతి ఎవరు చెబుతారు?

సంపాదకులకు నమస్కారం.

దసరా దాటిందంటే మీ పత్రిక చెన్నై ఎడిషన్‌లో కశ్మీర్ టూర్ల ప్రకటనలు మొదలవుతాయి. మంచు కొండలు, రంగురంగుల కోట్లు వేసుకున్న పిల్లలు, కింద ప్యాకేజీ రేటు. ఈ మధ్య ఆ ప్రకటనల్లో విమానం బొమ్మ పక్కన రైలు బొమ్మ కూడా కనిపిస్తోంది. 2025 జూన్ 6న కట్రా నుంచి శ్రీనగర్‌కు వందే భారత్ మొదలయ్యాక, విమానం టికెట్టు కొనలేని ఇళ్ళవాళ్ళు కూడా చలికాలంలో మంచు చూసి రావాలని బయలుదేరుతున్నారు. నాకు చాలా సంతోషం. కానీ ఆ బండిని చలికి ఎంత శ్రద్ధగా తయారు చేశారో, దాంట్లో ఎక్కే మనుషులకు అందులో పదో వంతు జాగ్రత్త కూడా ఎవరూ చెప్పడం లేదు. మొన్న చలికాలం మా మనవడికి స్కీయింగ్ నేర్పించడానికి గుల్మార్గ్ వెళ్ళినప్పుడు ఇది కళ్ళారా చూసి వచ్చాను. కాస్త పొడుగైనా ఈ ఉత్తరం పూర్తిగా వేయమని కోరుతున్నాను.

నేను పెరంబూరు ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. బోగీల్లో నీళ్ళ ట్యాంకులు, పైపులు, టాయిలెట్ ఫిట్టింగులు మా సెక్షన్ పని. 2018లో మొదటి వందే భారత్, అప్పట్లో ట్రైన్ 18 అనేవాళ్ళం, మా ఫ్యాక్టరీ నుంచే బయటికొచ్చింది. కశ్మీర్ బండి వచ్చేసరికి నేను ఇంట్లో కూర్చున్నాను గానీ, దాని గురించి పేపర్లో వచ్చిన ప్రతి ముక్కా కత్తిరించి పెట్టుకున్నాను. నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి, పైపు పగులుతుంది. మామూలు బోగీని అలాంటి చలిలో రాత్రంతా నిలబెడితే పొద్దున కుళాయి తిప్పినా చుక్క రాదు. అందుకని ఆ బండిలో నీళ్ళ ట్యాంకులకు సిలికాన్ హీటింగ్ ప్యాడ్లు పెట్టారు. పైపులకూ, బయో టాయిలెట్ ట్యాంకులకూ వేడి అందే ఏర్పాటు చేశారు. లోకో పైలట్ ముందున్న అద్దంలోనే హీటింగ్ తీగలు ఉంటాయి, మంచు పేరుకుని దారి కనపడకుండా పోకూడదని. బ్రేకులకు వెళ్ళే గాలిలో తేమ ఉంటే అది గడ్డకట్టి బ్రేకు పట్టకపోవచ్చు, దానికీ జాగ్రత్త తీసుకున్నారు. ప్రయాణికులకు ఇవేవీ కనపడవు. నేను మాత్రం బనిహాల్ దాటాక టాయిలెట్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పాను. బయట అంతా తెల్లగా మంచు, లోపల నీళ్ళు ధారగా వస్తున్నాయి. చెయ్యి కింద పెట్టి కాసేపు అలాగే నిలబడిపోయాను. మా ఫ్యాక్టరీలో నా తర్వాత వచ్చిన పిల్లలు చేసిన పని అది.

దారి గురించి ఎక్కువ రాయను. చెన్నై సెంట్రల్ నుంచి కట్రా వరకు అండమాన్ ఎక్స్‌ప్రెస్ ఉంది, వారానికి మూడు రోజులు. నెల్లూరు, విజయవాడ, వరంగల్ మీదుగా వెళుతుంది కాబట్టి సగం బోగీ తెలుగువాళ్ళే. నాగ్‌పూర్ దాటాక ఒక స్వెటర్ బయటికొస్తుంది, ఢిల్లీ దాటాక రెండోది. కట్రాలో దిగి బండి మారాలి. అక్కడి నుంచి శ్రీనగర్ 190 కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం. నదికి 359 మీటర్ల ఎత్తున కట్టిన చినాబ్ వంతెన రాగానే బోగీ మొత్తం ఒకవైపు కిటికీలకు అతుక్కుంది. ఆ తర్వాత బనిహాల్ దగ్గర 11 కిలోమీటర్ల పొడవున్న సొరంగంలోకి దూరి ఖాజీగుండ్ వైపు బయటపడితే అది పూర్తిగా వేరే లోకం. ఇళ్ళ కప్పులు, పొలాలు, చెట్ల కొమ్మలు అన్నీ మంచు కింద ఉన్నాయి.

మనవాళ్ళు మోసపోయేది సరిగ్గా ఇక్కడే. బోగీలో హీటర్ నడుస్తుంటుంది. కోటు విప్పి, చొక్కాతో కూర్చుని, వేడి టీ తాగుతూ కిటికీలోంచి మంచు చూస్తుంటే, "ఓస్, ఇంతేనా చలి" అనిపిస్తుంది. మా ఎదురు సీట్లలో వ్యాసర్పాడి నుంచి వచ్చిన తెలుగు కుటుంబం. భార్యాభర్తలు, ఆయన తల్లి, ఎనిమిదేళ్ళ లోపు బాబు. మాటలు కలిశాయి. ఆ అమ్మాయి మా ఆవిణ్ణి, "ఆంటీ, మీరు ఇంత లగేజీ మోసుకొచ్చారేంటి? మా టూర్ ఆయన రెండు స్వెటర్లు, ఒక మంకీ క్యాప్ చాలు మేడమ్, మిగతావన్నీ అక్కడ అద్దెకిస్తారు అన్నాడు" అంది. ఆ స్వెటర్లు రంగనాథన్ వీధిలో కొన్నారట. ఊటీకైతే సరిపోతాయి. బాబు కాళ్ళకు స్కూలు షూసు, కాటన్ సాక్సులు. పెద్దావిడ నేత చీర మీద శాలువా కప్పుకుని ఉంది.

మా ఆవిడ నర్సుగా చేసి రిటైరైంది. పెద్దావిణ్ణి ఆవిడ అడిగిన మొదటి మాట, "అమ్మా, మీకు షుగర్ ఉందా?" అని. ఉంది. ఇన్సులిన్ ఎక్కడ పెట్టారంటే, పెద్ద సూట్‌కేసు బయటి జేబులో. ఆ సూట్‌కేసు టాక్సీ పైన కట్టుకుని గుల్మార్గ్ కింద ఉన్న టంగ్‌మార్గ్ దాకా వెళుతుంది. ఇన్సులిన్ ఒక్కసారి గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు, తర్వాత కరిగినా సరే పారేయాల్సిందే. ఇంట్లో ఫ్రిజ్‌లో పెడతాం కదా, చలిలో ఇంకా బాగుంటుందనుకుంటారు మనవాళ్ళు. మా ఆవిడ దాన్ని తీయించి, పెద్దావిడ లోపలి సంచీలో, ఒంటికి దగ్గరగా పెట్టించింది. షుగర్ ఉన్నవాళ్ళలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది. కాలు చల్లబడిపోతున్నా తెలియదు. మన ఇళ్ళల్లో షుగర్ లేని పెద్దవాళ్ళు ఎంతమంది ఉంటారు? తీర్థయాత్రతో కలిపి కట్రా నుంచి శ్రీనగర్ వెళ్ళే టూర్లలో ఎక్కువ ఉండేది ఈ పెద్దవాళ్ళే. ప్రకటనల్లో గానీ, డబ్బు కట్టాక ఇచ్చే కాగితంలో గానీ దీని గురించి ఒక్క ముక్క ఉండదు.

ఇంకొకటి. కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి జనవరి 29 వరకు నలభై రోజుల్ని చిల్లై కలాన్ అంటారు. ఏడాదిలో అతి కఠినమైన చలి అప్పుడే. 2024లో ఆ నలభై రోజులు మొదలయ్యే రాత్రే శ్రీనగర్‌లో మైనస్ 8.5 డిగ్రీలు నమోదైంది. అక్కడివాళ్ళు దానికి తగ్గట్టు ఎండబెట్టిన కూరగాయలు దాచుకుంటారు, ఫెరన్ అనే పొడుగు అంగీ లోపల కాంగ్డీ కుంపటి పెట్టుకుంటారు, పనులు తగ్గించుకుంటారు. మన సంక్రాంతి సెలవులు సరిగ్గా ఈ నలభై రోజుల మధ్యలో పడతాయి. చెన్నైలో జనవరి రాత్రి 20 డిగ్రీలకు దిగితేనే చెవులకు మఫ్లర్ చుట్టుకునేవాళ్ళం మనం. పసిపిల్లలతో, ముసలివాళ్ళతో అలాంటి రోజుల్లోనే అక్కడ దిగుతున్నాం.

గుల్మార్గ్‌లో జరిగింది చెబుతాను. శ్రీనగర్ నుంచి టంగ్‌మార్గ్ వెళితే, అక్కడి నుంచి పైకి 13 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. మంచు పడితే చక్రాలకు గొలుసులు కట్టిన బండ్లే పోతాయి. టంగ్‌మార్గ్‌లోనే కోట్లు, రబ్బరు బూట్లు అద్దెకిస్తారు. ఆ బూటు నీళ్ళను లోపలికి రానివ్వదు గానీ చలిని ఆపదు. పైగా పొద్దున ఇంకెవరో వేసుకుని విప్పినవి, లోపల చెమ్మగా ఉంటాయి. మర్నాడు మా మనవడు స్కీయింగ్ నేర్చుకుంటున్న చోటికి కాస్త దూరంలో ఆ వ్యాసర్పాడి కుటుంబం కనిపించింది. బాబు చాలాసేపు మంచులో ఆడాడు. మొదట కాళ్ళు నొప్పి అని ఏడ్చాడట. తర్వాత నొప్పి పోయిందన్నాడు. తల్లి హమ్మయ్య అనుకుంది. ఈ మాట వినగానే మా ఆవిడ ముఖం మారిపోయింది. బాబును ఎత్తుకుని పక్కనే ఉన్న టీ కొట్లోకి తీసుకెళ్ళి బూటు విప్పించింది. సాక్సు పిండితే నీళ్ళు కారేలా ఉంది. కాలి వేళ్ళ కొసలు మైనంలా తెల్లగా అయిపోయాయి. గిల్లినా వాడికి తెలియడం లేదు.

తండ్రి కంగారుపడి రెండు చేతులతో రుద్దబోయాడు. స్లెడ్జి లాగే పెద్దాయన, పాపం మంచి మనసుతోనే, తన కాంగ్డీ తీసి కాళ్ళ దగ్గర పెట్టబోయాడు. మా ఆవిడ ఇద్దర్నీ ఆపింది. చలికి మొద్దుబారిన చర్మాన్ని రుద్దితే లోపలి కండ దెబ్బతింటుంది. నిప్పు దగ్గర పెడితే స్పర్శ లేదు కాబట్టి కాలుతున్నా తెలియదు. తడి సాక్సులు తీసేసి, పాదాలు పొడిగా తుడిచి, తన కోటు గుండీలు విప్పి వాడి రెండు పాదాలూ పొట్టకు ఆనించుకుని, మళ్ళీ కోటు కప్పుకుని కూర్చుంది. కొంతసేపటికి వేళ్ళు ఎర్రబడ్డాయి, బాబు నొప్పితో గుక్కపట్టి ఏడ్చాడు. "ఏడవనీ అమ్మా, రక్తం మళ్ళీ పారుతోందన్నమాట" అంది మా ఆవిడ. ఆ తర్వాత అక్కడి డాక్టరుకు చూపించారు. చర్మం పైపైనే కాబట్టి సరిపోయింది, లోతుకు దిగి ఉంటే వేలు పోయేది. ఆ తల్లిదండ్రుల్ని నేను ఒక్క మాట కూడా అనను. నొప్పి పోతే తగ్గినట్టేనని మనం పుట్టినప్పటి నుంచి తెలుసుకున్నాం. చలి విషయంలో అది తిరగబడుతుందని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. డబ్బు తీసుకున్నవాళ్ళు చెప్పాలి.

ఒంటికి చలి తగలగానే గుండె, మెదడు కాపాడుకోవడం కోసం శరీరం చేతులకు, కాళ్ళకు రక్తం తగ్గించేస్తుంది. అందుకే ముందు పోయేవి వేళ్ళ కొసలు, ముక్కు, చెవులు. మనకు అలవాటైన కాటన్ బనియన్ చెన్నైలో మంచిదే, చెమట పీల్చుకుంటుంది. మంచులో అదే శత్రువు. చెమట పీల్చుకుని తడిగా ఒంటికి అంటుకుని వేడిని లాగేస్తుంది. లోపల ఒంటికి పట్టినట్టు థర్మల్, దాని మీద ఉన్ని లేదా ఫ్లీస్, అన్నిటి మీద గాలినీ తడినీ ఆపే జాకెట్. ఒకే బరువైన కోటు కంటే ఈ మూడూ మేలు, ఎండ వచ్చినప్పుడు ఒకటి విప్పొచ్చు కూడా. చీర కట్టుకునే ఆడవాళ్ళకు ఒక మాట: పైన ఎంత మంచి కోటు వేసినా లంగా కింద నుంచి గాలి దూరుతుంది, కుచ్చిళ్ళు మంచులో తడుస్తాయి. చీర మానడం ఇష్టం లేకపోతే లోపల ఉన్ని లెగ్గింగులు, మోకాళ్ళ దాకా ఉన్ని సాక్సులు తప్పకుండా వేసుకోవాలి. సాక్సులు ఒక జత అదనంగా జేబులో ఉండాలి, తడిసిన నిమిషంలో మార్చేయాలి. మందు తాగితే ఒళ్ళు వెచ్చబడుతుందనే మాట మన మగవాళ్ళు కొందరు నమ్ముతారు. చర్మంలో రక్తనాళాలు తెరుచుకుని వెచ్చగా అనిపిస్తుందంతే, లోపలి వేడి బయటికి పోతుంది. గదిలో బొగ్గు కుంపటి గానీ గ్యాస్ హీటర్ గానీ పెట్టుకుని తలుపులన్నీ బిగించి పడుకోవడం అన్నిటికంటే ప్రమాదం. ఆ గాలికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఇప్పుడు స్కీయింగ్ సంగతి. మా మనవడు పదో తరగతి. స్కీయింగ్ నేర్చుకుంటానని రెండేళ్ళుగా వాడి గొడవ. మాకు దొరికిన కోచ్ అక్కడి కుర్రాడే. స్కీలు చేతికి ఇవ్వకముందు అతను చేసిన పని నాకు చాలా నచ్చింది. గ్లౌజులు తీయించి లోపల తడి ఉందేమో చూశాడు. సాక్సు మడత పడిందా అని బూట్లోకి వేలు పెట్టి చూశాడు. కళ్ళజోడు లేకుండా మంచులోకి అడుగు పెట్టనివ్వలేదు. కొత్త మంచు ఎండలో చాలా భాగాన్ని తిరిగి మన కళ్ళలోకే కొడుతుంది, సాయంత్రానికి కళ్ళు మండి నీళ్ళు కారతాయి. ఆ తర్వాత చాలాసేపు ఎలా పడాలో, పడ్డాక ఎలా లేవాలో, వాలుకు అడ్డంగా నిలబడి పక్కకి అడుగులేస్తూ ఎలా ఎక్కాలో నేర్పాడు. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి వేగం తగ్గించడం వచ్చేవరకు కిందికి వదల్లేదు. మొదటి రోజంతా అదే పని. సాయంత్రానికి వాడు వంద అడుగుల వాలు మీద తనంతట తానే వచ్చి ఆగాడు. వాడి ముఖం చూడాలి!

టూర్ ప్యాకేజీలో "స్కీయింగ్" అని రాసేది మాత్రం వేరే. అరగంట సేపు స్కీలు కట్టి, ఎవరో చెయ్యి పట్టుకుని నాలుగు గజాలు లాగి, ఫోటో తీసి విప్పేస్తారు. ఏ జాగ్రత్తా నేర్పడానికి టైము ఉండదు. మన పిల్లలకు ఆసక్తి ఉంటే సరిగా నేర్పించండి. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ ఆధ్వర్యంలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది, అక్కడ కోర్సులు నడుస్తాయి. 2020లో మొదలైన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో స్కీయింగ్ పోటీలు జరుగుతున్నదీ గుల్మార్గ్‌లోనే. దక్షిణాది పిల్లలకు మంచు ఆటలు రావనే మాట నేను ఒప్పుకోను. రోజులు పెట్టి నేర్చుకుంటే వస్తాయి. అక్కడ రెండు మూడు రోజులు ఉంటే ఒంటికి ఎత్తు కూడా అలవాటవుతుంది. గుల్మార్గ్ 2,650 మీటర్లు, ఊటీ కంటే నాలుగు వందల మీటర్లు ఎక్కువ. గండోలా అనే రోప్‌వే రెండో ఫేజ్ ఎక్కితే అఫర్వత్ కొండ మీద దాదాపు 4,000 మీటర్లు. పొద్దున శ్రీనగర్‌లో బయలుదేరి మధ్యాహ్నానికి అక్కడ నిలబడితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే ఆయాసం వస్తుంది.

మేమున్నప్పుడు ఒక రోజు గాలి ఎక్కువై రెండో ఫేజ్ ఆపేశారు. టూర్ వాళ్ళు తీసుకొచ్చిన జనం అక్కడి స్టాఫ్ మీద కేకలేశారు, డబ్బు కట్టాం కదా అని. తప్పు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద మంచు చరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరి 22న మళ్ళీ మంచు చరియ విరిగిపడింది, ఒక రష్యన్ స్కీయర్ పోయాడు. వాళ్ళంతా మంచులో తిరగడం తెలిసినవాళ్ళే. చండీగఢ్‌లోని డిఫెన్స్ జియోఇన్ఫర్మాటిక్స్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ చలికాలంలో ఏ జిల్లాలో ఏ ఎత్తున మంచు చరియల ప్రమాదం ఉందో హెచ్చరికలు ఇస్తుంది. మన టూర్లలో వెళ్ళేవాళ్ళకు అలాంటిది ఒకటుందనే తెలియదు. ఇంకో పక్క, 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్‌లో మంచే లేదు, వాలులన్నీ గడ్డితో గోధుమ రంగులో కనిపించాయి. అలాంటప్పుడు కూడా "మంచు గ్యారంటీ" అని డబ్బు తీసుకోవడం న్యాయమేనా?

ఇక నా విన్నపం. తిరుమలలో సర్వదర్శనానికి ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో, ఎన్ని గంటలు పడుతుందో మీరు రోజూ వేస్తారు. మా ఇంట్లో అది చూసే తిరుపతి ప్రయాణం పెట్టుకుంటాం. అలాగే డిసెంబర్ మొదటి వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా కట్రా, శ్రీనగర్, గుల్మార్గ్ రాత్రి ఉష్ణోగ్రతలు, మంచు పడిందా లేదా, మంచు చరియల హెచ్చరిక ఉందా అనేవి చిన్న పెట్టెలో వేయండి. నాలుగు లైన్లు చాలు. చలికాలం టూర్ల ప్రకటన ఇచ్చేవాళ్ళను, ఏమేం బట్టలు తెచ్చుకోవాలో, షుగర్, బీపీ, గుండె జబ్బులు ఉన్నవాళ్ళు ఏం చేయాలో తెలుగులో ఒక కాగితం ఇస్తున్నారా అని అడగండి. ఇవ్వనివాళ్ళ ప్రకటన తీసుకోకండి. నష్టమే కావచ్చు, అయినా అడుగుతున్నాను.

రైల్వేవాళ్ళకు కూడా మీ ద్వారా ఒక మాట. శ్రీనగర్ టికెట్టు బుక్ చేసుకున్నవాళ్ళకు వచ్చే మెసేజ్‌లోనే, వాళ్ళ భాషలో, అక్కడి చలి ఎంత, పిల్లలకు ఉన్ని సాక్సులు తప్పనిసరి, ఇన్సులిన్ ఒంటి దగ్గర పెట్టుకోండి అని రెండు వాక్యాలు పంపడం కష్టమేమీ కాదు. బండి శ్రీనగర్ చేరే ముందు మైకులో కూడా చెప్పొచ్చు. ట్యాంకులకు ప్యాడ్లు, అద్దాలకు హీటింగ్ తీగలు పెట్టిన సంస్థకు ఇది ఎంత పని?

రిజర్వేషన్లు అరవై రోజుల ముందే తెరుచుకుంటాయి. సంక్రాంతికి వెళ్ళేవాళ్ళు నవంబరులోనే టికెట్లు తీసేస్తారు. కాబట్టి ఈ వివరాలతో ఒక పూర్తి పేజీ దీపావళి లోపు వేయగలరేమో ఆలోచించండి. రాయడానికి మనిషి కావాలంటే మా ఆవిడ సిద్ధంగా ఉంది.

ఇట్లు,
రిటైర్డ్ టెక్నీషియన్, పెరంబూరు, చెన్నై